టెస్టర్‌గా మొదలుపెట్టేవారు వర్చువల్ మెషీన్‌ను పక్కన పెట్టాలి

ఓపెన్ సోర్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు స్వచ్ఛందంగా టెస్టర్‌గా పనిచేస్తామని ముందుకు వచ్చేవారికి సాధారణంగా దొరికే సలహా ఒకటే. ఇంకా విడుదల కాని రూపాన్ని డౌన్‌లోడ్ చేసుకోండి, వర్చువల్ మెషీన్‌లో (కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో సృష్టించిన మరో కంప్యూటర్‌లో) ఇన్‌స్టాల్ చేయండి, పరీక్షల పట్టికలో ఉన్నవి ఒక్కొక్కటిగా చేసి ఫలితం నమోదు చేయండి. ఈ సలహాలో అబద్ధమేమీ లేదు. చేసేవారి కంప్యూటర్‌కు ప్రమాదం ఉండదు, పని జరిగే తీరు కొంత తెలుస్తుంది. అయినా కొత్తవారు మొదలుపెట్టవలసిన చోటు అది కాదని, ఉత్సాహంగా వచ్చినవారు కొద్దికాలానికే చల్లబడిపోవడానికి ఆ సలహాయే ఒక కారణమని నా అభిప్రాయం. అప్పటికే ఎవరో చేసేసిన పనిని, చేశారని తెలియకుండా మళ్లీ చేయించడం వల్ల ఆ మనిషికీ తృప్తి ఉండదు, ఆ వ్యవస్థకూ లాభం ఉండదు.

నేను కొన్నేళ్లుగా రోజూ వాడుతున్నది ఫెడోరా అనే లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ కనుక దాన్నే ఉదాహరణగా తీసుకుంటాను. నేను ప్రోగ్రామర్‌ను కాను. నా ఉద్యోగం జమాఖర్చుల లెక్కలతో. 2003 నవంబరులో తొలి విడుదల వచ్చిన ఈ ఆపరేటింగ్ సిస్టమ్‌కు దాదాపు ఆరు నెలలకొకసారి, ఏప్రిల్ ప్రాంతంలో ఒకటి, అక్టోబరు ప్రాంతంలో ఒకటి చొప్పున కొత్త విడుదలలు వస్తుంటాయి. నిత్యం మారుతూ ఉండే రాహైడ్ అనే శాఖ నుంచి ప్రతి విడుదలా ఒక దశలో వేరుపడి, బీటా దాటి, తుది రూపానికి చేరుతుంది. ఈ దారి పొడవునా పరీక్ష జరుగుతూనే ఉంటుంది. అయితే ఆ పరీక్షలో ఏ భాగం ఎవరు చేస్తున్నారన్నది కొత్తగా వచ్చేవారికి ఎవరూ విడమరిచి చెప్పరు.

వర్చువల్ మెషీన్‌లో చేయదగిన పరీక్షల్లో అధికభాగాన్ని యంత్రమే చేస్తోంది. ఓపెన్‌సూసే అనే మరో లైనక్స్ వ్యవస్థవారు తయారుచేసిన ఓపెన్‌క్యూఏ అనే వ్యవస్థను ఫెడోరా కూడా వాడుతుంది. అది వర్చువల్ మెషీన్‌ను బూట్ చేసి, మనిషి కూర్చుని నొక్కినట్టే కీబోర్డు, మౌస్ సంకేతాలు పంపి, తెరమీద ఫలానా చోట కనబడవలసిన బొమ్మ కనబడిందా లేదా అని ముందుగా దాచిపెట్టుకున్న చిత్రంతో పోల్చి చూస్తుంది. డిస్కును ఎన్ని రకాలుగా విభజించవచ్చో అన్ని రకాలుగా విభజించి ఇన్‌స్టాల్ చేయడం, పాత విడుదల నుంచి కొత్తదానికి అప్‌గ్రేడ్ చేయడం, డెస్క్‌టాప్ తెరుచుకుని అందులోని అప్లికేషన్లు మొదలవుతున్నాయో లేదో చూడడం వంటివన్నీ అది విసుగు విరామం లేకుండా చేస్తుంది. రాత్రి పొద్దుపోయాక తీరిక చేసుకుని, అవే డిఫాల్ట్ ఎంపికలతో, అదే ఇంగ్లీషు అమరికతో, అదే వర్చువల్ మెషీన్‌లో మనం ఇన్‌స్టాల్ చేసి పట్టికలో టిక్కు పెడితే, యంత్రం పొద్దున్నే పెట్టిన టిక్కు పక్కన ఇంకొకటి చేరుతుంది, అంతే.

యంత్రానికి లేనివి మన దగ్గర ఉన్నాయి, మొదలుపెట్టవలసింది వాటితోనే. మూత వేస్తే నిద్రపోయి తీస్తే లేవవలసిన ఎనిమిదేళ్లనాటి ల్యాప్‌టాప్ మన దగ్గర ఉంది. ఇంకెవరి ఇంట్లోనూ లేని వైఫై చిప్పు, ఆఫీసులో ఎవరో వదిలేసిన ప్రింటర్, ఒక చెవిలో వినబడి రెండో చెవిలో ఆలస్యంగా వినబడే బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు, సమావేశానికి అయిదు నిమిషాల ముందు మాత్రమే మొండికేసే ప్రొజెక్టర్ కేబుల్ ఉన్నాయి. కరెంటు పోయి యూపీఎస్ మీద నడుస్తున్నప్పుడు ల్యాప్‌టాప్ ఏం చేస్తుందో మనకు తెలుసు. ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ అయిన కెర్నెల్ మారినప్పుడు మొదట దెబ్బతినేవి ఇటువంటివే, వర్చువల్ మెషీన్‌లో ఎప్పటికీ కనబడనివీ ఇవే. వర్చువల్ మెషీన్‌లోని వైఫై ఎప్పుడూ బాగానే ఉంటుంది, దానికి అసలు వైఫై చిప్పే ఉండదు కనుక.

హార్డ్‌వేర్ కంటే కూడా మన దగ్గర అరుదుగా ఉన్నది భాష. ఓపెన్‌క్యూఏలో ఫ్రెంచి, రష్యన్, జపనీస్, అరబిక్ భాషల్లో ఇన్‌స్టాల్ చేసి చూసే పరీక్షలు ఉన్నాయి. ఆ ఎంపిక వెనుక ఆలోచన అర్థం చేసుకోదగినదే: ఒకటి యూరోపియన్ కీబోర్డుకు, ఒకటి సిరిలిక్ లిపికి, ఒకటి ప్రత్యేకమైన ఇన్‌పుట్ పద్ధతి కావలసిన భాషకు, ఒకటి కుడి నుంచి ఎడమకు సాగే లిపికి ప్రతినిధి. అక్షరం కింద అక్షరం చేరి, గుణింతపు గుర్తు పైకి ఎక్కి, ఒక్క అక్షరంలా కనబడేది లోపల నాలుగైదు సంకేతాలుగా ఉండే మన లిపి పద్ధతికి ఈ నాలుగింటిలో ప్రతినిధి లేదు. పైగా బొమ్మతో బొమ్మను పోల్చే యంత్రానికి వత్తు అడుగు తెగిపోయిన 'స్త్రీ'కీ సరైన 'స్త్రీ'కీ ఉన్న తేడా తప్పుగా తోచాలంటే, ఏది సరైనదో ముందుగా ఒక తెలుగు మనిషి చూసి చెప్పి ఉండాలి.

ఇది ఊరికే భాషాభిమానంతో అంటున్న మాట కాదు. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లకు ఏమైందో చాలామందికి గుర్తుండే ఉంటుంది. జ, పొల్లు, ఞ, ఆపైన కంటికి కనబడని ఒక విడదీసే గుర్తు, దాని తర్వాత దీర్ఘం, ఈ క్రమంలో ఉన్న ఒక్క తెలుగు అక్షరం సందేశంగా వస్తే ఐఓఎస్ 11.2.5 నడుస్తున్న ఫోన్లలో ఆ సందేశాన్ని చూపించవలసిన అప్లికేషన్ కుప్పకూలేది. ఆ నెలలోనే ఐఓఎస్ 11.2.6 వచ్చి దాన్ని సరిచేసింది. ఆపిల్ వంటి సంస్థకు టెస్టర్ల కొరత ఉందని ఎవరూ అనలేరు. అయినా కోట్లమంది రోజూ రాసే లిపిలోని ఒక కలయిక విడుదలకు ముందు పట్టుబడలేదు. జీతాలిచ్చి పరీక్షలు చేయించుకునే చోటే అలా జరిగితే, స్వచ్ఛందంగా నడిచే వ్యవస్థలో మనం చూడని తెలుగు మూలలను మన తరఫున మరెవరో చూసిపెడతారని అనుకోవడానికి ఆధారం లేదు.

తెలుగువారు చూడవలసినవి, మరొకరికి తోచనివి, ఎన్నో ఉన్నాయి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు భాషగా తెలుగు ఎంచుకుని, డిస్కును ఎన్‌క్రిప్ట్ చేయమంటే, మళ్లీ బూట్ అయ్యేటప్పుడు పాస్‌వర్డ్ అడిగే చోట ఏ కీబోర్డు అమరిక అమలవుతోంది? తెలుగు టైపింగు పద్ధతుల్లో ఇన్‌స్క్రిప్ట్ వాడేవారికి పనిచేసిన మార్పు యాపిల్ కీబోర్డు అమరికకు, పోతన పద్ధతికి, ఆర్‌టీఎస్‌కు పనిచేస్తోందా? 'లక్ష్మి' మీద ఒకసారి బ్యాక్‌స్పేస్ నొక్కితే గుడి మాత్రం పోతోందా, అక్షరం మొత్తం పోతోందా, ఎడిటర్‌లో ఒక రకంగా, బ్రౌజర్‌లో ఇంకో రకంగా పోతోందా? ఫైలు పేరు తెలుగులో ఉంటే ప్రింటర్ వరుసలో అది ఎలా కనబడుతోంది? ఫెడోరా 36లో అనేక భాషల డిఫాల్ట్ ఫాంట్లు నోటో కుటుంబానికి మారాయి. ఫాంటు మారినప్పుడల్లా అక్షరాల ఎత్తు, వరుసల మధ్య ఎడం మారతాయి కనుక ఇరుకైన బటన్లలోనూ మెనూల్లోనూ వత్తుల అడుగు తెగకుండా ఉందా అన్నది కళ్లతో చూసి చెప్పవలసిందే. టెర్మినల్ సంగతి ఇక్కడ ఎత్తను. అక్కడ తెలుగు ఎప్పుడూ చక్కగా కనబడింది లేదు, దాని మీద విడిగా ఒక వ్యాసం రాయవచ్చు.

తన కంప్యూటర్ మామూలుగా ఎలా ఉంటుందో తెలిసిన మనిషి కన్ను ఎంత పనిచేయగలదో 2024 మార్చిలో ప్రపంచమంతా చూసింది. ఆండ్రెస్ ఫ్రోయిండ్ అనే పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ డెవలపర్, డెబియన్ అనే మరో లైనక్స్ వ్యవస్థలో ఇంకా విడుదల దశకు చేరని 'సిడ్' శాఖ మీద తన పని తాను చేసుకుంటుండగా, దూరం నుంచి కంప్యూటర్‌లోకి ప్రవేశించే ఎస్ఎస్‌హెచ్ లాగిన్‌కు ఉండవలసినదానికంటే దాదాపు అర సెకను ఎక్కువ పడుతోందని, ప్రాసెసర్ వాడకం పెరిగిందని గమనించాడు. ఆ ఆలస్యాన్ని పట్టుకుని తవ్వుకుంటూ పోతే ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ లైబ్రరీ 5.6.0, 5.6.1 సంచికల్లో ఎవరో ఉద్దేశపూర్వకంగా పెట్టిన దొంగదారి బయటపడింది. అవి అప్పటికే రాహైడ్‌లోకి కూడా వచ్చి ఉన్నాయి. స్థిరమైన విడుదలల్లోకి వెళ్లకముందే ఆపగలిగారు. ఆయన ఆ రోజు టెస్టర్‌గా కూర్చోలేదు, ఏ పట్టికా ముందు పెట్టుకోలేదు. నిజమే, అర సెకను తేడా నుంచి అసలు కారణం దాకా వెళ్లడానికి ఆయనకున్న నైపుణ్యం మనలో ఎక్కువమందికి ఉండదు. కానీ తేడాను తేడాగా గుర్తించడం మొదటి సగం, ఆ సగానికి కావలసిన అర్హత ఆ కంప్యూటర్‌ను రోజూ వాడుతూ ఉండడమే.

కనుక నా సలహా ఇది. మీరు రోజూ వాడే కంప్యూటర్‌లో ఫెడోరా ప్రస్తుత స్థిరమైన విడుదల ఉంటే అక్కడినుంచే మొదలుపెట్టండి. ఫెడోరాలో ప్రతి అప్‌డేట్ అందరికీ వెళ్లేముందు 'అప్‌డేట్స్-టెస్టింగ్' అనే రిపాజిటరీలో (సాఫ్ట్‌వేర్ నిల్వలో) సాధారణంగా వారం పాటు ఉంటుంది. ఈ రిపాజిటరీని తెరుచుకోవడం సెట్టింగుల్లో ఒక మార్పు మాత్రమే. ఫెడోరా ఖాతా ఒకటి తెరిచి, అప్‌డేట్ల వ్యవహారం చూసే బోధి అనే వ్యవస్థలోకి లాగిన్ అయితే, మీరు వాడి చూసిన ప్యాకేజీ (అప్‌డేట్‌గా వచ్చిన సాఫ్ట్‌వేర్) బాగుంటే ప్లస్, చెడితే మైనస్ ఇవ్వవచ్చు. ఫెడోరా-ఈజీ-కర్మ అనే చిన్న పనిముట్టు మీ కంప్యూటర్‌లో చేరిన పరీక్షదశ ప్యాకేజీలను వరుసగా చూపించి అభిప్రాయం అడుగుతుంది. ముందు జాగ్రత్తలు వేరే చెప్పనక్కరలేదు: మీ ఫైళ్లకు బయట మరో కాపీ ఉండాలి, వెనక్కి తిప్పుకునే పద్ధతి తెలిసి ఉండాలి. సిల్వర్‌బ్లూ వంటి ఫెడోరా రూపాలు వాడేవారికి ఈ విషయంలో సుఖం ఎక్కువ, చెడితే ముందటి స్థితిలోకి బూట్ చేసుకోవచ్చు. రాహైడ్‌ను మాత్రం రోజువారీ డిస్కు మీద పెట్టకండి. దానికి విడిగా ఒక బయటి ఎస్ఎస్‌డీ కేటాయిస్తే, అదే ల్యాప్‌టాప్ హార్డ్‌వేర్ మీద రేపటి ఫెడోరా ఎలా ఉంటుందో చూడవచ్చు.

ప్లస్ ఇవ్వడం గురించి నాకు కొంచెం కఠినమైన అభిప్రాయం ఉంది. ప్యాకేజీ చేరింది, కంప్యూటర్ ఆగిపోలేదు, కాబట్టి బాగుంది అని ఒక మాట రాసి ప్లస్ నొక్కేసే అలవాటు పరీక్షను ఓటింగుగా మార్చేస్తుంది. తగినన్ని ప్లస్‌లు పడితే అప్‌డేట్ గడువుకంటే ముందే అందరికీ వెళ్లిపోగలదు కనుక, ఏమీ చూడకుండా ఇచ్చిన ప్లస్ నిరపాయకరం కాదు. బోధిలో ప్రతి అప్‌డేట్ కింద అది సరిచేస్తుందని చెప్పిన బగ్‌లు (లోపాలు) విడివిడిగా ఉంటాయి, ఒక్కొక్కదానికీ విడిగా అభిప్రాయం చెప్పవచ్చు. ఆ బగ్ మీకు ఎదురయ్యేదే అయితే దాన్ని మళ్లీ తెప్పించడానికి ప్రయత్నించి, రాలేదని రాయండి. మీరు ఏ పని చేసి చూశారో, ఏ హార్డ్‌వేర్ మీద చూశారో ఒక్క వాక్యం చేర్చండి. "తెలుగు ఇన్‌స్క్రిప్ట్‌తో రైటర్‌లో ఒక పేజీ టైప్ చేశాను, క్యాలెండర్, బ్రౌజర్ తెరిచాను, తేడా లేదు" అన్న వాక్యం చాలు.

మైనస్ ఇవ్వడానికి మనవారు సంకోచిస్తారు. పెద్దవారు చేసిన పనికి తప్పు పట్టినట్టు అవుతుందేమో, లోపం మన కంప్యూటర్‌లోనే ఉందేమో అని వెనకాడతారు. ఆ మొహమాటం ఇక్కడ పనికిరాదు. అప్‌డేట్‌కు ఒక్క మైనస్ పడినా, అది తనంతట తాను ముందుకు వెళ్లిపోయే ఏర్పాటును బోధి ఆపేస్తుంది. ప్యాకేజీని చూసుకునే వ్యక్తి మీ మాట చదివి నిర్ణయం తీసుకోవాలి. అంటే మీ మైనస్ తీర్పు కాదు, ఒకసారి ఆగి చూడమన్న కోరిక. అది పొరపాటైతే వెనక్కి తీసుకోవచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు. అయితే పాత విడుదలలోనూ ఉన్న లోపానికి కొత్త అప్‌డేట్ మీద మైనస్ వేయడం న్యాయం కాదు. ముందటి సంచికకు వెనక్కి వెళ్లి, అక్కడ ఆ లోపం లేదని తేల్చుకున్న తర్వాతనే మైనస్ ఇవ్వాలి. ఆ తేల్చుకోవడమే పరీక్షలో సగం.

మిగిలిన సగం రాయడం. ఈ పనికి కోడు రావాలా అని అడిగేవారికి నేను చెప్పేది, కోడు కంటే వాక్యం రావాలి. ఫెడోరా బగ్‌లు నమోదయ్యే బగ్‌జిల్లాలో అడిగేవి ఎంతో మామూలు ప్రశ్నలు: ఏ ప్యాకేజీ, ఏ సంచిక, ఎన్నిసార్లు ప్రయత్నిస్తే ఎన్నిసార్లు వచ్చింది, ఏ వరుసలో ఏం చేస్తే వచ్చింది, ఏం జరిగింది, ఏం జరగాలని మీరు అనుకున్నారు. చివరి ప్రశ్నను చాలామంది అనవసరమనుకుని వదిలేస్తారు. తెలుగు విషయంలో అదే ప్రాణం. బ్యాక్‌స్పేస్ నొక్కితే గుణింతం మాత్రమే పోవాలని మనకు పుట్టుకతో తెలిసినట్టు అనిపిస్తుంది కానీ, బగ్‌ను చదివే మనిషి తెలుగు చదవలేని డెవలపర్ కావచ్చు. అతనికి సరైనది ఎలా ఉంటుందో చూపించే చిత్రం, తప్పుగా ఉన్న చిత్రం, ఏ సంకేతాలు ఏ వరుసలో టైప్ చేశారో తెలిపే వివరం ఇవ్వకపోతే, ఎంత నిజమైన లోపమైనా ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది. నేను నమోదు చేసిన ఒక రిపోర్టుకు మొదటి వారమంతా జవాబు లేదు. యాప్ పేరు, సంచిక, లోపం కనబడుతున్న చిత్రం అందులో ఉన్నాయి, సరైన చిత్రం లేదు. అది చేర్చిన సాయంత్రమే ప్రశ్నలు రావడం మొదలైంది.

కొంతకాలం ఇలా గడిచాక చదవవలసినవి ఫెడోరా విడుదల ప్రమాణాలు. బేసిక్, బీటా, ఫైనల్ అని మూడు అంచెలుగా ఉంటాయి. ఫలానా పనులు జరగకపోతే విడుదల చేయరాదని అవి చెబుతాయి. ఆ నియమాన్ని ఉల్లంఘించే బగ్‌ను బ్లాకర్ అంటారు, బ్లాకర్‌గా ప్రతిపాదించే హక్కు ఖాతా ఉన్న ఎవరికైనా ఉంటుంది. ఎంచుకున్న కీబోర్డు అమరిక డిస్కు తాళం తీసే చోటా, లాగిన్ తెర మీదా, డెస్క్‌టాప్‌లోనూ అమలు కావాలన్నది ఆ ప్రమాణాల్లో ఉన్న మాటే. తగినంత పూర్తయిన అనువాదాలు ముఖ్యమైన పనుల్లో సరిగ్గా కనబడాలన్నదీ ఉంది. అంటే తెలుగు అనువాదం అసంపూర్తిగా ఉందని విడుదలను ఆపలేం, కానీ పూర్తయిన అనువాదం తెరమీద సరిగ్గా కనబడకపోతే ఆపమని అడగగలం. నాకు ఇది ఈ మొత్తం వ్యవస్థలో అన్నిటికంటే నచ్చిన విషయం. మీరెవరు, ఎన్నేళ్లుగా ఉన్నారు అన్నవి ఇక్కడ ప్రశ్నలు కావు; మీ బగ్ ఏ నియమం కిందికి వస్తుందన్నదే ప్రశ్న. ఆ వాదన గట్టిగా చేయగలిగితే నిన్న చేరినవారి ప్రతిపాదన కూడా నిలుస్తుంది.

విడుదల చేయాలా వద్దా అని తేల్చడానికి ముందుగా జరిగే గో/నో-గో సమావేశం నామమాత్రపు తంతు కాదు. ఇన్‌స్టాలర్‌ను కొత్తగా రాసిన ఫెడోరా 18, 2012 నవంబరులో రావలసింది, పదేపదే వాయిదా పడి 2013 జనవరి 15న వచ్చింది. ఫెడోరా 37ను, ఇంటర్నెట్ సంభాషణను రహస్యంగా ఉంచే ఓపెన్ఎస్ఎస్ఎల్ లైబ్రరీలో తీవ్రమైన భద్రతా లోపం ప్రకటించబోతున్నారని తెలిసి ఆపి, సవరణ చేర్చిన తర్వాత 2022 నవంబరు 15న విడుదల చేశారు. మార్కెటింగ్ విభాగం తేదీ కోసం తొందరపెట్టే చోట ఇది ఊహించలేం.

మార్కెటింగ్ మాట వచ్చింది కనుక ఒక న్యాయమైన అభ్యంతరం గురించి చెప్పాలి. ఫెడోరాకు ప్రధాన పోషకుడు రెడ్‌హ్యాట్. రెడ్‌హ్యాట్‌ను 2019లో ఐబీఎం 3,400 కోట్ల డాలర్లకు కొన్నది. అంత పెద్ద సంస్థకు మనం జీతం లేకుండా పనిచేసి పెట్టడమేమిటని నన్ను మా అబ్బాయే అడిగాడు. ప్రశ్నను కొట్టిపారేయలేను, సంస్థకు లాభం ఉన్నమాట నిజం. కానీ తెలుగు అక్షరాలను పేర్చి చూపించే హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీ ఫెడోరాది కాదు. అదే ఆండ్రాయిడ్‌లోనూ, క్రోమ్, ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్లలోనూ, లిబ్రే ఆఫీసులోనూ ఉంది. ఫెడోరాలో నేను గమనించిన లోపం దాని మూలంలో సవరణ అయితే, ఆ సవరణ ఏదో ఒక రోజు ఊళ్లో ఫోనులో తెలుగు చదివే మా అత్తయ్యకూ చేరుతుంది. అయినా సంస్థ నీడ ఇష్టం లేనివారికి డెబియన్ ఉంది. అది పూర్తిగా స్వచ్ఛంద కార్యకర్తల సంఘం. అక్కడ రిపోర్ట్‌బగ్ అనే పనిముట్టు ఈమెయిలు ద్వారా బగ్ పంపుతుంది. ఇన్‌స్టాలేషన్ ఎలా జరిగిందో చెప్పడానికి, బాగా జరిగినా సరే, విడిగా ఒక పద్దు ఉంది. పోతన, వేమన ఫాంట్లు అక్కడ ప్యాకేజీగా ఉన్నాయి, వాటిని కొత్త విడుదలలో పరీక్షించి చూసేవారు ఎప్పుడూ కావాలి.

టెస్టింగ్ కోడింగుకు మొదటి మెట్టు అని, ఇక్కడ కొన్నాళ్లు ఉండి పైకి వెళ్లాలని అనేవారితో కూడా నాకు ఏకీభావం లేదు. వెళ్లదలచుకున్నవారు వెళ్లవచ్చు. కానీ ప్యాకేజీని తయారుచేసినవారికి దాన్ని చూడవలసిన తీరు ముందే తెలిసి ఉంటుంది కనుక, తెలియని తీరులో వాడేవారి అవసరం ఎప్పటికీ తీరదు. లెక్కలు రాసినవారే ఆడిట్ చేయకూడదన్నది నా ఉద్యోగంలో మొదట నేర్పే పాఠం.

ఒంటరిగా చేయడం కష్టమనిపించేవారికి టెస్ట్ డేలు, టెస్ట్ వీక్‌లు ఉన్నాయి. కొత్త కెర్నెల్ వచ్చినప్పుడు ఒకటి, గ్నోమ్ డెస్క్‌టాప్ కొత్త సంచికకు ఒకటి, భాషలకు సంబంధించిన అంతర్జాతీయీకరణకు ఒకటి జరుగుతుంటాయి. ఈ చివరిదానికి తెలుగువారు రావడం అవసరం. ఫాంట్లు, కీబోర్డులు, అనువాదాలు ఏ క్రమంలో చూడాలో అక్కడ రాసి ఉంటుంది. ఫలితాలు నమోదు చేయడానికి వెబ్ పేజీలో ఒక పట్టిక, సందేహం వస్తే చాట్‌లో జవాబు చెప్పే మనుషులు ఉంటారు. ఒక గంట కేటాయించినా పనికి వస్తుంది.

నిరుత్సాహపరిచే విషయం కూడా ముందే తెలిసి ఉండడం మంచిది. ఫెడోరా ప్రతి విడుదలకు మద్దతు దాదాపు పదమూడు నెలలే. ఆ గడువు తీరగానే ఆ విడుదల మీద తెరిచి ఉన్న బగ్‌లన్నీ, సరిచేసినా చేయకపోయినా, మూకుమ్మడిగా మూతపడతాయి. జవాబు ఒక్కటీ రాకుండానే మూతపడిన రిపోర్టు చూస్తే కొత్తవారికి కోపం రావడం సహజం. మూసే ముందు హెచ్చరిక వస్తుంది. అది వచ్చినప్పుడు కొత్త విడుదలలో అదే పని మళ్లీ చేసి చూడాలి. లోపం ఇంకా ఉంటే విడుదల సంఖ్య మార్చి, ఎప్పుడు మళ్లీ చూశారో ఒక వాక్యం రాస్తే రిపోర్టు తెరిచే ఉంటుంది. లోపం పోయి ఉంటే ఆ మాట కూడా రాసి మీరే మూసేయండి. ఏ సంచికలో పోయిందో తెలిస్తే రాయండి, పాత విడుదలకు ఆ సవరణను తీసుకువెళ్లాలనుకునేవారికి అది కావాలి.